అమ్మాయి పరిశోధన అంటోంది, తోట తాకట్టు పెట్టనా?

ప్రశ్న: మాది ఉద్దానం, కవిటి మండలం. కొబ్బరి, జీడి కలిపి మూడెకరాల తోట ఉంది. మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ ఆఖరి ఏడు. మన ప్రాంతాన్ని పట్టిన కిడ్నీ జబ్బు మీద పరిశోధన చేస్తానని, ఎకనామిక్స్ పీజీ చేసి పీహెచ్‌డీకి వెళ్తానని పట్టుబట్టింది. విశాఖలో కన్సల్టెన్సీ వాళ్లేమో అమెరికాలో పబ్లిక్ హెల్త్, అంటే ఎంపీహెచ్, చేస్తే వెంటనే ఉద్యోగం అంటున్నారు. 40 లక్షలవుతుందట. తోట తాకట్టు పెడదామనుకుంటున్నాను. రెండింట్లో ఏది మేలు? పీహెచ్‌డీ అయ్యేసరికి పిల్లకి ముప్ఫై వస్తాయి. మా అన్నయ్య డయాలసిస్ మీద ఉండి పోయాడు. నాకూ మొన్న రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే అంకె) 1.8 వచ్చింది, ఎక్కువేనట. తొందరగా చెప్పగలరు.
– ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో ఆఖరి మూడు మాటలూ చదివాక మళ్లీ మొదట్నుంచి చదివాను. సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు నుంచి నా దగ్గరికొచ్చే తండ్రులు గంటసేపు పిల్లల చదువే మాట్లాడతారు. లేచి, తలుపు దాకా వెళ్లి, చెప్పులేసుకుంటూ అప్పుడు చెబుతారు తమ క్రియాటినిన్ ఎంతో. మీరూ అంతే చేశారు. నేనుండగానే పిల్లని ఒక దారిలో పెట్టాలన్నదే మీ తొందర. కాబట్టి ముందు ఆ క్రియాటినిన్ సంగతి చూద్దాం.

నేను డాక్టర్ని కాను. కానీ ఒక్కసారి వచ్చిన అంకెతో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బని తేల్చరు. మూడు నెలలు గడిచాక రక్తం, మూత్రం మళ్లీ చూస్తారు. అలాగని అప్పటిదాకా ఊరుకోకండి. ఈ వారమే పలాస కిడ్నీ ఆసుపత్రికి వెళ్లి చూపించుకోండి. ఒళ్లు నొప్పులని మందుల షాపులో అడిగి కొనుక్కునే బిళ్లలు ఇవాళే మానండి, అవి కిడ్నీని దెబ్బతీస్తాయి. తొలిదశలో పట్టుకుంటే ఏళ్ల తరబడి డయాలసిస్ జోలికి పోకుండా నెట్టుకొస్తున్నవాళ్లున్నారు. 1.8 వచ్చిందని రోజులు లెక్కపెట్టుకోవక్కర్లేదు.

ఇప్పుడు కోప్పడతాను, ఏమీ అనుకోకండి. ఇంట్లో ఒకరిని ఈ జబ్బుకి పోగొట్టుకున్నారు. విశాఖకి తిరిగిన బండి ఛార్జీలు, మందులు, పోయిన కూలిరోజులు ఎంతయ్యాయో మీకు తెలుసు. రేపు మీకే అవసరమొస్తే నిలబడేది ఆ మూడెకరాలే. దాన్ని కన్సల్టెన్సీ మాట నమ్మి తాకట్టు పెడతారా? అందులోనూ అమ్మాయి అడగని చదువుకి! మీ ఉత్తరంలో తోట ఉంది, అప్పు ఉంది, వయసు ఉంది. ఆ పిల్లకి ఈ పరిశోధన ఎందుకు కావాలో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు?

ఎంపీహెచ్ మంచి చదువే. కరోనా తర్వాత దాని మీద పెరిగిన మోజంటేనే నాకు అనుమానం. డాక్టరు చదివినవాళ్లకి అది పైమెట్టు. ఎంబీబీఎస్ లేకుండా అది చేసిన పిల్లల్ని ఇక్కడ ఇంటర్వ్యూల్లో మొదట అడిగేది ‘మీరు డాక్టరేనా?’ అని. అమెరికాలో చదువయ్యాక పనిచెయ్యడానికి మామూలుగా ఇచ్చేది ఒక ఏడాది. కొన్ని యూనివర్సిటీల్లో బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య లెక్కలు), ఎపిడెమియాలజీ (జబ్బులు జనంలో ఎలా, ఎందుకు వస్తాయో చూసే చదువు) లాంటివి ఎంచుకుంటేనే మరో రెండేళ్లు కలుస్తాయి. కన్సల్టెన్సీ వాళ్లు ఈ తేడా చెప్పారా? పైగా 2025లో అక్కడి ప్రభుత్వం విదేశాలకి సాయం చేసే తన సంస్థ యూఎస్‌ఎయిడ్‌ని మూసేసింది. 1984 నుంచి దాని డబ్బుతో దేశదేశాల్లో జరుగుతున్న డీహెచ్‌ఎస్ ఆరోగ్య సర్వేల పథకానికీ గండిపడింది. ఈ రంగంలో చేయి తిరిగిన వాళ్లే పని పోగొట్టుకుని వెతుక్కుంటున్న రోజులివి. 40 లక్షల అప్పు నెత్తిమీదున్న పిల్ల దొరికిన ఉద్యోగమేదో చేస్తుంది, ఉద్దానం మాట మళ్లీ ఎత్తదు. నా భయం అదే.

కిడ్నీ జబ్బుకి ఎకనామిక్స్ ఏమిటని మీకనిపించి ఉండొచ్చు. షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోవడమన్నారు, వంశపారంపర్యమన్నారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకీ, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కొట్టే కూలీలకీ ఇలాంటి జబ్బే ఉంది. ఆ చెరకు కూలీకి కూలి టన్ను లెక్కన. నీళ్లకి ఆగితే డబ్బు తగ్గుతుంది కాబట్టి ఆగడు. అక్కడ పరిశోధకులు కూలీలకి నీళ్లు, నీడ, మధ్యమధ్య విశ్రాంతి ఇప్పించి చూస్తే కిడ్నీలకి తగిలే దెబ్బ తగ్గింది. కూలి ఎలా కడుతున్నారన్నది కూడా జబ్బు లెక్కలోకి వస్తుందన్నమాట. మన దగ్గర చెట్టు లెక్కన కొబ్బరి దింపేవాడి సంగతేమిటి? జబ్బున్న ఊరని సంబంధాలు తప్పిపోతున్న పిల్లల సంగతేమిటి? ఇవి మైక్రోస్కోపులో కనపడవు. ఇంటింటికీ తిరిగి అడిగి, లెక్కకట్టే వాళ్లు కావాలి.

ఆ తిరగడం కూడా తేలిక కాదు. మూడు నెలల తర్వాత రెండో శాంపిల్‌కి వెళ్తే తలుపుకి తాళం ఉంటుంది. పక్కింటావిడ ‘హైదరాబాదు పనికెల్లిపోనారమ్మా’ అంటుంది. ఆ ఇల్లు లెక్కలోంచి జారిపోతే ఊరి అంకే తప్పుతుంది. ఎవరు ఎప్పుడు వలస పోతారో, ఎప్పుడు తిరిగొస్తారో మీ అమ్మాయికి ఎవరూ నేర్పక్కర్లేదు. బయటినుంచి వచ్చిన పరిశోధకుడికి అది తెలియడానికి ఏడాది పడుతుంది. ఒంటరిగా ఊళ్లు తిరగాలేమోనని బెంగ వద్దు, సర్వేలకి జట్టుగానే వెళ్తారు. ఆడవాళ్లని అడగడానికి ఆడపిల్లలనే పెట్టుకుంటారు.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా. స్టాటిస్టిక్స్ చదివిన పిల్లకి ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్ చక్కగా నప్పుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేని మొదటి విడత, 1992–93 నుంచీ నడిపిస్తున్నది వాళ్లే. ఎకనామిక్సే కావాలంటే ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. ప్రభుత్వ సంస్థల్లో పీజీకి తోట జోలికి పోనక్కర్లేదు. తర్వాత నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ప్రభుత్వ భృతి) కొడితే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకి 37,000, ఆపైన 42,000, ఇంటద్దె వేరు. కొట్టకపోతే కష్టమే, దాచను. ప్రాజెక్టు ఉద్యోగాలు ప్రాజెక్టుతోనే అయిపోతాయి, మధ్యలో ఖాళీ నెలలుంటాయి. పర్మినెంటు పోస్టు ఎప్పుడొస్తుందో నేను మాటివ్వలేను. కానీ సర్వే లెక్కలు తిరగేయడం వచ్చిన పిల్ల ఆకలితో ఉండదు. ఇక ముప్ఫై ఏళ్లంటారా, పీహెచ్‌డీ చేసినా చెయ్యకపోయినా వస్తాయి.

ఈసారి ఉత్తరం అమ్మాయిని రాయమనండి. పెదనాన్న ఆసుపత్రి ఖర్చులు కాగితం మీద పెట్టి, తనకి అందులో ఏం అర్థమైందో రాయమనండి. మీ రెండో పరీక్షలో ఎంత వచ్చిందో కూడా ఆ ఉత్తరంలోనే ఉండాలి, ఎదురుచూస్తుంటాను.