నీలం నుంచి కంచు రంగుకి

చి. సౌమ్యకు, మామయ్య ఆశీస్సులు.

సోడియం-అమ్మోనియా ద్రావణాల మీద, అంటే ద్రవ అమ్మోనియాలో సోడియం కరిగించి కరెంటు ఎలా పారుతుందో కొలిచే పని మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. నేను ఏళ్ల తరబడి ఇష్టంగా చేసిన పని అది.

ముందు గాజు సామాను సంగతి చూసుకో. కాస్త తేమ, చిన్న తుప్పు రవ్వ ఉన్నా చాలు, హైడ్రోజన్ బయటికొచ్చి నీలం రంగు కళ్లముందే వెలిసిపోతుంది. ఒకసారి తొందరపడి సరిగ్గా ఆరని ఫ్లాస్కు వాడాను. ఎలక్ట్రోడ్లు దించేలోపే రంగంతా పోయింది. అప్పట్నుంచి రాత్రంతా ఓవెన్‌లో పెట్టనిదే ఏ గాజూ ముట్టుకోలేదు. అమ్మోనియా మైనస్ 33 డిగ్రీలకే మరుగుతుంది, కాబట్టి అంతా ఫ్యూమ్ హుడ్‌లోనే, అదే ఆవిర్లు బయటికి లాగే అరలో. మూత మాత్రం బిగించొద్దు.

మొదటి సోడియం ముక్క వేసినప్పుడు పక్కకి వెళ్లకు. బకెట్లో నీలిమందు జారినట్టు తీగలు తీగలుగా నీలం దిగుతుంది. సోడియం వదిలిన ఎలక్ట్రాన్ చుట్టూ అమ్మోనియా అణువులు మూగి గూడు కడతాయి, ఆ రంగు దానిదే. గూట్లో చిక్కిన ఎలక్ట్రాన్ లోహంలో లాగా తిరగలేదు. ఇంకొంచెం సోడియం కలిపితే మోలార్ వాహకత, అంటే ఒక్కో మోల్ సోడియం లెక్కన కరెంటు పారే శక్తి, తగ్గుతుంది. టెన్షన్ పడకు, మీటరు తప్పు కాదు. ఎలక్ట్రాన్లు సోడియం అయాన్లతో జతకడుతున్నాయి. లీటరుకు 0.04 మోల్ ప్రాంతంలో అడుక్కి చేరి మళ్లీ పైకెక్కుతుంది. అమెరికా రసాయన శాస్త్రవేత్త చార్లెస్ క్రాస్ వందేళ్ల కిందటే ఇది కొలిచాడు.

ద్రావణం లోహంలా మారే అసలు విషయమంతా నూటికి ఒకటి నుంచి ఎనిమిది లోహ పరమాణువుల మధ్యే ఉంది. రెండు చివర్లూ కొలిచి మధ్యలో గీత గీసేయకు. అక్కడే గూళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఎలక్ట్రాన్లు అందరి సొత్తు అయిపోతాయి, ద్రావణం కంచులా మెరుస్తుంది. లిథియంతో నూటికి 20 దాకా వెళ్తే పాదరసం కంటే బాగా కరెంటు పారుతుంది! 2020లో చెక్ శాస్త్రవేత్త పావెల్ యుంగ్‌విర్ట్ బృందం బెర్లిన్‌లో ఈ ద్రావణాన్ని సన్నటి ధారగా వదిలి ఎక్స్ కిరణాలతో చూసింది. లోహంలా మారడం ఒక్కసారిగా కాదు, క్రమంగా జరుగుతుందని తేల్చింది. అందుకే చిన్న చిన్న ముక్కలే వెయ్యి, ప్రతి ముక్కకీ ఒక కొలత తీసుకో.

వీలైతే నూటికి నాలుగు దగ్గర ఆపి మైనస్ 50కి చల్లబరుచు. ద్రావణం రెండుగా విడిపోయి, కంచు పొర నీలం మీద మీగడలా తేలుతుంది. లోహం ఎక్కువున్నదే తేలిక. నాకు ఇప్పటికీ అదే అబ్బురం.

పనయ్యాక నీళ్లు పోయకు. అమ్మోనియం క్లోరైడ్ చిటికెడు చిటికెడు వేస్తూ నీలం పోయేదాకా ఆగు. ఒకటికీ ఎనిమిదికీ మధ్య తీసిన కొలతల గ్రాఫు రాగానే నాకు పంపు.

మామయ్య