స్కూటర్‌కు ఛార్జింగ్ ఎక్కడం లేదు, వారంటీ రాదంటున్నారు

ప్రశ్న: మాది జమ్మికుంట. కిరాణా కొట్టు నడుపుకుంటున్నాను. ఏడాది రెండు నెలల కింద కరీంనగర్ షోరూంలో 1,12,000 రూపాయలకు ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాను, సగం లోన్. బ్యాటరీకి మూడేళ్ల వారంటీ. మూడు నెలల నుంచి ఛార్జింగ్ 60 శాతం దగ్గర ఆగిపోతోంది. రెండుసార్లు సర్వీస్‌కు ఇస్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామని తిరిగి పంపారు. ఇప్పుడు అసలు ఎక్కడమే లేదు. కంపెనీది కాని ఛార్జర్ పెట్టారు, కొట్టు సామాన్లు మోసి కమర్షియల్‌గా తిప్పారు, వారంటీ వర్తించదు, కొత్త బ్యాటరీకి 46,000 కట్టండి అంటున్నారు. నిజమే, మా ఛార్జర్ పాడైనప్పుడు పది రోజులు మా బావమరిది బండి ఛార్జర్ వాడాను. గొడవ వస్తే ఆర్బిట్రేషన్‌కే, అంటే కోర్టు కాకుండా మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలని వారంటీ పుస్తకంలో రాసి ఉంది. స్కూటర్ డబ్బులు మొత్తం వెనక్కి అడగొచ్చా? అప్పటిదాకా ఈఎంఐ ఆపేయొచ్చా?

జవాబు: కేసు వేయొచ్చు, కరీంనగర్‌లోనే వేయొచ్చు. స్కూటర్ డబ్బులు మొత్తం అడగడం మాత్రం నాకు సరైన దారిగా కనిపించడం లేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఛార్జర్ మాట. మీ కేసు నిలిచినా పడినా అక్కడే.

ఆ పది రోజుల విషయం దాచకండి. ఇలాంటి కేసులోనే నా క్లయింట్ ఒకాయన, కంపెనీ ఛార్జర్ తప్ప ఇంకొకటి ముట్టలేదని అఫిడవిట్‌లో రాయించాడు. అవతలి లాయరు ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. సర్వీస్ సెంటర్‌కు మా వాడే వాట్సాప్‌లో పంపిన ఫొటో అది. బండి పక్కన గోడ ప్లగ్గుకు వేలాడుతున్నది వేరే ఛార్జర్. ఇక ఆ రోజు నుంచి మేం చెప్పిన నిజాలకు కూడా విలువ లేకుండా పోయింది.

బావమరిది ఛార్జర్ వెనక స్టిక్కర్ చూడండి. ఔట్‌పుట్ అని వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి. మీ ఛార్జర్ స్టిక్కర్ పక్కన పెట్టి ఫొటో తీయండి. రెండూ ఒకటే అయితే అవతలివాళ్ల వాదనలో పస లేనట్టే. తేడా ఉంటే ఎంత ఉందో తెలియాలి. '60 వోల్టుల బండి' అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. పాత రకం లెడ్ యాసిడ్ బళ్లలో 12 వోల్టుల బ్యాటరీలు అయిదు ఉంటాయి, వాటి ఛార్జర్ 73 వోల్టుల దాకా పోతుంది. లిథియం బ్యాటరీ ప్యాక్‌లో 16 సెల్స్ వరసగా ఉండి, ఒక్కోటి 4.2 వోల్టుల దగ్గర నిండితే మొత్తం 67.2 మాత్రమే. ఆ ఛార్జర్ దీనికి పెడితే తప్పు మనదే అంటారు.

అక్కడితో అయిపోలేదు. లిథియం ప్యాక్ లోపల బీఎంఎస్ అని ఒక బోర్డు ఉంటుంది. వోల్టేజీ హద్దు దాటినా, సెల్స్ వేడెక్కినా ఛార్జింగ్‌ను కట్ చేయడమే దాని పని. అది సరిగా పనిచేసి ఉంటే పది రోజుల పొరపాటుకు ప్యాక్ మొత్తం పోకూడదు. పోయిందంటే ఆ బోర్డులోనే లోపం ఉందని మనం వాదించవచ్చు. పైగా ఇప్పుడొస్తున్న చాలా బళ్లలో ఎప్పుడెప్పుడు ఛార్జింగ్ పెట్టారు, వోల్టేజీ ఎంత, వేడి ఎంత అన్న లెక్క బండిలోనే నమోదవుతుంది. సర్వీస్ సెంటర్ వాళ్లు లాప్‌టాప్ తగిలించి చూసేది అదే. 'మీ ఛార్జర్ వల్లే పోయింది' అన్నవాళ్లు ఆ లెక్క చూపించాలి. చూపించమని రాతపూర్వకంగా అడగండి. అడిగినా ఇవ్వకపోతే, ఇవ్వలేదన్న సంగతి వినియోగదారుల కమిషన్ ముందు మనకే పనికొస్తుంది.

ఇక జాబ్ కార్డులు, అంటే బండి ఇచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్లు ఫిర్యాదు రాసుకునే కాగితాలు. మీరు రెండుసార్లు సర్వీస్‌కు ఇచ్చానన్నారు, వాటి మీద ఏం రాశారో మాత్రం చెప్పలేదు. చాలామంది కార్డుల మీద 'జనరల్ చెకప్' అని ఉంటుంది. నోటితో మనం ఎంత మొత్తుకున్నా కాగితం మీద అది జనరల్ చెకప్పే. ఈసారి బండి ఇచ్చేటప్పుడు 'ఛార్జింగ్ ఎక్కడం లేదు, ఈ ఫిర్యాదుతో ఇది మూడోసారి' అని రాయించి, తేదీ, కిలోమీటర్ల రీడింగ్ వేయించుకోండి. వాళ్లు రాయడానికి ఒప్పుకోకపోతే, అదే మాట వాళ్ల కౌంటర్ దగ్గర నిలబడి మెయిల్ చేయండి. వారంటీ ఎందుకు రాదో, పుస్తకంలోని ఏ షరతు కిందో కూడా కాగితం మీద ఇమ్మనండి. నోటిమాటతో వారంటీ కొట్టేయడం కుదరదు.

వెళ్లేముందు ఇంట్లో చిన్న పరీక్షలు చేసుకోండి. వాళ్ల మొదటి ప్రశ్న ఎటూ 'మీ ఇంట్లో కరెంటు సరిగా ఉందా?' అనే. వేరే గదిలో 15 ఆంపియర్ల ప్లగ్గుకు పెట్టి చూడండి. ఛార్జర్ మీద లైటే వెలగకపోతే లోపం ప్లగ్గులోనో ఛార్జర్‌లోనో ఉండొచ్చు. బ్యాటరీ ఖాళీగా ఉన్నా, పెట్టగానే నిండిపోయినట్టు ఆకుపచ్చ లైటు వస్తే కరెంటు ప్యాక్‌లోకి పోవడం లేదన్నమాట. అప్పుడు కనెక్టర్, ఫ్యూజు, బీఎంఎస్ చూడాలి. ఛార్జింగ్ పోర్టులో పిన్ను నల్లబడిందా, ప్లాస్టిక్ కరిగిందా చూడండి. ఎండలో తిరిగొచ్చి వెంటనే పెడితే కొన్ని బళ్లు ఛార్జింగ్ తీసుకోవు, కాబట్టి ఒక గంట చల్లారనిచ్చి పెట్టండి. ఇదంతా ఫోన్‌లో వీడియో తీయండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని కమిషన్ ముందు పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే అది ఏ ఫోన్‌లో ఎలా తీసిందో ధ్రువీకరించే కాగితం, జత చేయమని అడగవచ్చు. అందుకే ఫోన్ మార్చకండి, అసలు వీడియో చెరపకండి.

కమర్షియల్ అన్న వాదనకు బెదరొద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారన్న మాట ఉంది. పొట్ట గడుపుకోవడానికి స్వయం ఉపాధి కింద సొంతంగా వాడుకునేవాళ్లకు ఇది వర్తించదని ఆ పక్కనే రాసి ఉంది. కొట్టుకు రెండు పాల ట్రేలు తెచ్చుకున్నంత మాత్రాన మీరు రవాణా కంపెనీ అయిపోరు. కాకపోతే వారంటీ పుస్తకంలో ఇంత బరువు మించకూడదని షరతు ఉందేమో చూసుకోండి. అది వేరే గొడవ.

ఆర్బిట్రేషన్ షరతు కూడా మీకు అడ్డం కాదు. అలాంటి షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. కంపెనీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే, అదే 2019 చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరుంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. షోరూంను, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒక్కరినే చేరిస్తే తప్పు రెండోవాళ్లదంటారు.

ఇప్పుడు డబ్బుల సంగతి. మారుతీ ఉద్యోగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, వారంటీ లోపమున్న భాగాన్ని బాగుచేయడానికో మార్చడానికో అయినప్పుడు బండి మొత్తం మార్చమనడం కుదరదు. 2010లో ఫియట్ కేసులో, తయారీలోనే లోపం ఉందని నిరూపణ అయితేనే బండి మార్పిడి, డబ్బు వాపసు అన్నారు. మీ మోటారు బాగుంది, బ్రేకులు బాగున్నాయి, పోయింది బ్యాటరీ. కాబట్టి మొదటి కోరికగా వారంటీ కింద కొత్త బ్యాటరీ, లేదా దాని ఖరీదు వడ్డీతో సహా అడగండి. బండి మూలపడిన రోజుల్లో ఆటోలకు పెట్టిన ఖర్చు, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు దానికి చేర్చండి. కావాలంటే 'లేనిపక్షంలో బండి ధర' అని చివర రాసుకోవచ్చు. అతిగా అడిగిన ఫిర్యాదును అవతలివాళ్లు ఏళ్లతరబడి సాగదీయడం చాలాసార్లు చూశాను. 46,000 దగ్గర మాత్రం వాళ్లే రాజీకి వస్తారు.

ముందు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. కొన్ని అక్కడే తేలిపోతాయి. తేలకపోతే 15 రోజుల గడువుతో ఇద్దరికీ నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. ఆ తర్వాత ఈ-జాగృతి పోర్టల్‌లోనో, నేరుగా జిల్లా కమిషన్‌లోనో ఫిర్యాదు వేయండి. కొన్న సొమ్ము అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కూడా కాదు, నా వృత్తికి నష్టమైనా చెప్పక తప్పదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. కమిషన్ నోటీసు అందాక వాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ దయతలిస్తే ఇంకో 15. అది దాటితే తీసుకోవడానికి లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో చెప్పింది. లోపం ఉందని మొదట చూపించాల్సింది మీరే కాబట్టి, ప్యాక్‌ను ల్యాబ్‌కు పంపమని ఫిర్యాదుతోపాటే ఒక అర్జీ పెట్టండి. ల్యాబ్ ఫీజు ముందు మీరే కట్టాలి.

ఈఎంఐ మాత్రం ఆపకండి. అప్పిచ్చినవాళ్లతో మీ ఒప్పందం వేరు. వాళ్లకు మీ బ్యాటరీతో సంబంధం లేదు. రెండు నెలలు ఆపితే సిబిల్ స్కోరు పడిపోతుంది, బండి పట్టుకుపోయే ప్రమాదమూ ఉంది. కట్టిన ప్రతి వాయిదా రసీదూ దాచి, బండి నడవని నెలల్లో కట్టింది ఇంత అని పరిహారం లెక్కలో చూపండి.

తీర్పు వచ్చేదాకా ప్యాక్‌ను ఎవరిచేతా విప్పించకండి. నాలుగైదు వేలకు సెల్స్ మార్చి ఇస్తామనే మెకానిక్‌లు మీ ఊళ్లోనూ ఉంటారు. సీలు తెగిన మరుక్షణం వారంటీ పోతుంది, ల్యాబ్‌కు పంపడానికి సాక్ష్యం మిగలదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. పైన చెప్పిన పరీక్షలు ఒకసారి అయ్యాక, పనిచేయని ప్యాక్‌ను మళ్లీ మళ్లీ ఛార్జింగ్‌కు పెట్టి చూస్తూ ఉండకుండా, కొట్టు బయట నీడపట్టున, గోనెసంచులకు దూరంగా పెట్టండి. రెండు ఛార్జర్లూ భద్రంగా ఉంచండి.