ఎర్ర తల కాక్టస్ కింది కాండం కుళ్ళిపోతే తలను కాపాడుకోవచ్చునా?

నర్సరీలో కొన్న ఎర్ర తల కాక్టస్ మీ పాలమూరు ఇంట్లో పడమటి కిటికీ గట్టు మీద నాలుగు నెలలు బాగానే ఉండి, ఈ వానల్లో కింది పచ్చ కాండం మొదట్లో మెత్తబడి గోధుమ రంగుకు తిరిగిందని, ఆ తలను కోసి నేరుగా మట్టిలో నాటవచ్చునా అని, ఫోటో తీస్తే అది ఎర్రటి ముద్దగా తప్ప కనబడడం లేదని మీరు రాశారు. తలను మట్టిలో నాటకండి, అది బ్రతకదు. మరో కాండం మీద అంటు కడితే బ్రతికే అవకాశం బాగానే ఉంది. అయితే కుళ్ళు పైకి ఎక్కకముందే, వీలైతే ఈ రెండు మూడు రోజుల్లోనే, ఆ పని చేయాలి. నల్లగొండలో రెండో అంతస్తు ఇంట్లో, తూర్పు కిటికీ గట్టు మీద ఎనిమిదేళ్ళుగా ఈ మొక్కలు పెంచుతూ, కొన్నింటిని చంపుకుంటూ నేర్చుకున్నది మీకు చెబుతాను.

మీరు కొన్నది ఒక మొక్క కాదు, రెండు. పైన ఉన్న ఎర్ర తల జిమ్నోకాలిసియం అనే దక్షిణ అమెరికా కాక్టస్‌లో పుట్టిన వికృత రూపం. 1941లో జపాన్‌లో వతనబే అనే ఆయన నారుమడిలో ఇటువంటి ఎర్ర మొలకలను గుర్తించి, వేరే కాక్టస్ మీద అంటు కట్టి బ్రతికించారు. ఈ తలలో పత్రహరితం లేదు కాబట్టే లోపలి ఎరుపు బయటపడింది, ఆ కారణం చేతనే అది తన తిండి తాను వండుకోలేదు. వేళ్ళు పుట్టినా ఆకలితో చస్తుంది. కింద ఉన్న మూడు పలకల పచ్చ కాండం సాధారణంగా డ్రాగన్ ఫ్రూట్ తీగ ముక్క. ఇద్దరికీ సరిపడా వంట చేసేది అదే. మనం కొనేటప్పుడు పై రంగు చూసి మురిసిపోతాము గాని, మొక్క ఆయుష్షు ఆ కింది కాండం చేతిలో ఉంటుంది.

ఆ కాండం కుళ్ళడానికి చాలాసార్లు కారణం నర్సరీ కుండీలోని కొబ్బరి పొట్టు. అది ఒకసారి నానిందంటే వానాకాలంలో వారం దాటినా తడి ఆరదు. నేను మొక్క ఇంటికి తెచ్చిన రోజే పొట్టంతా దులిపేసి, జల్లెడ పట్టిన మొరం రెండు పాళ్ళు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన ఎరువు అర పాలు కలిపి, అడుగున చిల్లు ఉన్న మట్టి కుండీలో పెడతాను. మన చెల్క నేలల్లో మొరానికి కొరత లేదు. దానిలోని మెత్తటి దుమ్మును మాత్రం కడిగి తీసివేయాలి, లేకపోతే అది గట్టిపడి గచ్చులా అవుతుంది. నల్లగొండ నీళ్ళనగానే అందరూ ఫ్లోరైడ్ మాట ఎత్తుతారు గాని, కుండీలో కంటికి కనబడే ఇబ్బంది బోరు నీళ్ళలోని సున్నానిది. కాండం మొదట్లోనూ కుండీ అంచునా తెల్లటి పెచ్చు కడుతుంది. అందుకే వాన నీళ్ళు సీసాల్లో పట్టి ఉంచుకుంటాను.

ఇక అంటు సంగతి. కింది కాండం కోసం నర్సరీకే పోనక్కర లేదు. మీ జిల్లాలో డ్రాగన్ ఫ్రూట్ వేసిన రైతులు ఉన్నారు, కత్తిరించి పారేసే కొమ్మ ఒక్కటి అడిగితే ఇస్తారు. జానెడు ముక్కను నీడలో వారం రోజులు ఆరబెట్టి నాటితే మూడు నాలుగు వారాల్లో వేళ్ళు పడతాయి. కాని మీకు అంత వ్యవధి లేదు కనుక, ఇప్పటికే వేళ్ళున్న చిన్న మొక్కను సంపాదించడం మంచిది. చేను గట్టు మీది బొంతజెముడు మాత్రం పనికిరాదు. మొదటి ఏడాది నేను ఆ పొరపాటే చేశాను. ముళ్ళున్నవన్నీ ఒకటేననుకుని దాని మీద అంటు కడితే, కోత నిండా పాలు కారి, నాలుగో రోజుకు తల జారి కింద పడింది. పాలు కారే జెముళ్ళు వేరే కుటుంబానివి, కాక్టస్ వాటితో అతకదు. ఆ పాలు కంట్లో పడితే ఇంకా ప్రమాదం.

కొత్త బ్లేడును సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, ఎర్ర తలను అతుకుకు కొద్దిగా పైన అడ్డంగా కోయండి. కోసిన ముఖం మధ్యలో సన్నని వలయం ఒకటి కనబడుతుంది, నీళ్ళూ తిండీ పారే నాళాలు దానిలోనే ఉంటాయి. ఆ వలయంలో గోధుమ రంగు చుక్క ఒక్కటి ఉన్నా కుళ్ళు అక్కడిదాకా వచ్చిందని అర్థం. అప్పుడు శుభ్రమైన కండ వచ్చేదాకా, ప్రతిసారీ బ్లేడు తుడుస్తూ, పలచగా చెక్కుతూ పోవాలి. తెచ్చుకున్న కొత్త పచ్చ కాండాన్ని కూడా లేతగా, గట్టిగా ఉన్న చోట అడ్డంగా కోసి, మూడు అంచులనూ ఏటవాలుగా చెక్కండి. ఇలా చెక్కకపోతే, ఆరేకొద్దీ లోపలి కండ కుంగి, గట్టి తోలు మాత్రం పైకి నిలిచి తలను ఎత్తేస్తుంది. తరువాత రెండు వలయాలూ కనీసం ఒక చోట ఒకదాని మీద ఒకటి వచ్చేలా తలను ఆనించి, కొద్దిగా తిప్పి గాలి బయటకు నెట్టి, రెండు రబ్బరు బ్యాండ్లను కుండీ అడుగు నుండి కూడిక గుర్తులా వేయండి. తల పెద్దది, కాండం సన్నది అయితే నడిమికి నడిమి పెట్టకుండా, వలయాలు ఒకదాన్నొకటి తాకేలా తలను కొద్దిగా పక్కకు జరిపి పెట్టాలి. కోతకూ ఆనించడానికీ నడుమ నిమిషం కూడా జాప్యం కారాదు. నేనొకసారి నడి మే నెలలో ఫ్యాను కింద కూర్చుని కడితే, కాండం చెక్కేలోగా తల కోత పొరకట్టింది, అది అతకలేదు.

వారం నుండి పది రోజులు ఎండ తగలని, గాలి ఆడే చోట ఉంచి, కోత మీద చుక్క నీరు పడకుండా చూసి, అప్పుడు బ్యాండ్లు తీయండి. తల చుట్టూ పిల్లలు ఉంటే, వాటిలో శనగగింజకన్నా పెద్దవాటిని ఒకటి రెండు వేరే కాండాల మీద కట్టి ఉంచుకోండి, అసలు తల పోయినా వంశం నిలుస్తుంది. ఆ తరువాత పచ్చ కాండం పక్కల నుండి వచ్చే మొలకలను ఎప్పటికప్పుడు గిల్లేయాలి, లేకపోతే బలమంతా వాటికే పోతుంది.

పడమటి కిటికీ గురించి ఒక మాట. ఎర్ర తలకు మధ్యాహ్నపు ఎండ పడదు. ఏప్రిల్‌లో రెండు గంటల తరువాత అద్దం గుండా వచ్చే వేడికి దాని మీద బెండులాంటి మచ్చ పడుతుంది, అది మానదు. అలాగని గది మూలకు జరిపితే పచ్చ కాండం వెలుతురు చాలక సన్నబడుతుంది. కిటికీకి పాత తెల్ల పంచె ఒక పొర కట్టండి, అది చాలు. ముళ్ళ మొక్క ఇంట్లో వద్దని పెద్దవాళ్ళు అంటే, మా అమ్మకు చెప్పినట్టే, దిష్టికని మిద్దె మీద జెముడు కుండీ పెట్టేది మనమే కదా అని చెప్పవచ్చు.

ఫోటో ముద్దగా రావడానికి ఫోనులో లోపం లేదు. ముదురు ఎరుపు మీద వెలుగు కాస్త ఎక్కువైనా ఆ రంగు నిండిపోయి, మడతలూ ముళ్ళూ దానిలో కలిసిపోతాయి. తెర మీద తలను వేలితో నొక్కి పట్టి, వెలుగును మడతలు కనబడేదాకా తగ్గించండి. వెనుక నల్ల చార్టు పెడితే ఫోను తనంతట తానే వెలుగు పెంచుతుంది కనుక అప్పుడు ఇంకా తగ్గించాలి. ట్యూబ్‌లైట్ ఆర్పి, కిటికీ వెలుతురు ఒక పక్క నుండి పడేలా మొక్కను తిప్పి, రెండో పక్క థర్మోకోల్ ముక్క నిలబెట్టండి. మరీ దగ్గరకు పోతే ఒక ముల్లు స్పష్టంగా ఉండి మిగతావి మసకబారుతాయి. రెండడుగులు వెనక్కు జరిగి, రెండింతలు దగ్గర చేసి తీస్తే తల మొత్తం నిలుస్తుంది.

కోసి కట్టిన రోజే మొదటి ఫోటో తీసి, అదే చోట, అదే వేళకు, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ప్రతి ఆదివారం ఒకటి తీస్తూ ఉండండి. మొదటి వారంలో తల కొంత ముడతపడుతుంది, దానికి కంగారు పడి నీళ్ళు ఎక్కువ పోయకండి. మూడు నాలుగు వారాల ఫోటోలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ముడతలు పోయి, తల నడినెత్తిన లేత రంగు కొత్త ముళ్ళు కనబడితే అంటు పట్టినట్టే.