డేటా రికవరీ ల్యాబ్ పెట్టేముందు లెక్కలో వేసుకోవలసినవి

డేటా రికవరీ పనికి సొంతంగా చిన్న ల్యాబ్ పెట్టుకోవాలంటే ఏమేం కొనాలి, ఎక్కడ ఇబ్బంది పడవలసి వస్తుంది అని మీరు అడిగారు. చాలా ఏళ్లుగా ఇదే వృత్తిలో ఉన్నాను కనుక నా అనుభవం చెబుతాను. పరికరాల ఖర్చును అందరూ లెక్క వేసుకుంటారు గానీ, డోనర్ డిస్కులకు (పాడైన డిస్కుకు విడిభాగాలు తీసుకోవడానికి కొనే అదే రకం డిస్కులకు) అయ్యే ఖర్చునూ, చేయి తిరిగేవరకు సరైన ఆదాయం లేకుండా గడపవలసిన కాలాన్నీ మరచిపోతారు. నేనూ అక్కడే దెబ్బతిన్నాను.

పొరపాటున తొలగించిన ఫైళ్లు, ఫార్మాట్ అయిన పెన్‌డ్రైవ్‌ల వంటి పనులకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. మంచి కంప్యూటరు, ఖాళీ డిస్కులు, ఉచితంగా దొరికే డిడిరెస్క్యూ వంటి సాఫ్ట్‌వేర్ చాలు. అయితే ఇలాంటివాటిని చాలామంది ఇంట్లోనే ప్రయత్నించి, కుదరనప్పుడే మన దగ్గరకు తెస్తారు. చదవలేని సెక్టార్లు (డేటా నిలిచే చిన్న భాగాలు) ఉన్న డిస్కులను, ఫర్మ్‌వేర్ (డిస్కును నడిపే లోపలి ప్రోగ్రామ్) పాడైనవాటిని చేపట్టాలంటే పీసీ-3000, డీప్‌స్పార్ వంటి ప్రత్యేక పరికరాలు కావాలి. వాటి ధర మామూలు కంప్యూటరు ధరకు ఎన్నో రెట్లుంటుంది, వాటిని వాడడం నేర్చుకోవడానికి నెలలు పడుతుంది.

ఇక డిస్కు మూత తెరవవలసిన కేసుల సంగతి. డేటా ఉండే, తిరిగే పళ్లెం లాంటి ప్లాటర్‌కు కొన్ని నానోమీటర్ల ఎత్తులో, దాన్ని చదివే హెడ్ తేలుతూ ఉంటుంది కాబట్టి, కంటికి ఆనని దుమ్ము రేణువు కూడా దాన్ని దెబ్బతీయగలదు. 0.3 మైక్రాన్ రేణువులను 99.97 శాతం ఆపే హెపా ఫిల్టర్ ఉన్న క్లీన్ బెంచ్ (శుభ్రమైన గాలి వీచే పనిబల్ల) తప్పనిసరి. గదినంతటినీ క్లీన్ రూమ్‌గా మార్చనవసరం లేదని నా అభిప్రాయం.

తొలి రోజుల్లో ఒక పరిశోధక విద్యార్థి టిక్ టిక్‌మని కొట్టుకుంటున్న డిస్కు తెచ్చాడు. అందులో అతని సిద్ధాంత వ్యాసం ఉంది, మరో ప్రతి లేదు. అదే మోడల్ నంబరున్న డిస్కు కొని, దాని హెడ్లు తీసి ఇందులో అమర్చాను. అర నిమిషం తిరిగి మళ్లీ అదే చప్పుడు మొదలైంది. మోడల్ ఒకటే అయినా హెడ్లకు అనుసంధానమైన ప్రీయాంప్ చిప్ (హెడ్ల నుంచి వచ్చే బలహీన సంకేతాన్ని పెంచే చిప్) వేరని అప్పుడు గ్రహించాను. రెండో డోనర్‌తో మూడు రోజులు కూర్చుని, బలహీనపడుతున్న హెడ్‌ను ఆపి ఆపి చదివిస్తూ ఆ వ్యాసాన్ని బయటకు తీయగలిగాను. కానీ నేను చెప్పిన రుసుము ఒక డోనర్‌కే సరిపోయింది. అప్పటినుంచి డోనర్ ఖర్చును వేరుగా రాసి, ఫలితం ఎలా ఉన్నా అది కస్టమరే భరించాలని పని మొదలుపెట్టకముందే ఒప్పించుకుంటున్నాను.

మూత తీయగానే లోపలి చిన్న తెల్లని ఫిల్టర్‌ను చూడండి. అది బూడిద రంగుకు తిరిగి ఉంటే ప్లాటర్ మీది పూత గీసుకుపోయి పొడిగా రాలిందన్నమాట. అలాంటి డిస్కులో కొత్త హెడ్లు వేస్తే అవీ పాడవుతాయి, మిగిలిన డేటా కూడా పోతుంది. అప్పుడు కుదరదని చెప్పడమే న్యాయం. ఎస్ఎస్‌డీల్లో (తిరిగే భాగాలు లేని, చిప్‌లతో చేసిన డిస్కుల్లో) ట్రిమ్, అంటే తొలగించిన ఫైళ్ల చోటు ఇక అక్కరలేదని డిస్కుకు చెప్పే ఆదేశం, అమలైన తరువాత తొలగించిన ఫైళ్లు దాదాపు తిరిగిరావు. ఎన్‌క్రిప్షన్ (డేటాను సంకేతరూపంలో దాచే పద్ధతి) ఉన్న ఫోన్ల చిప్‌ను ఊడదీసి చదివినా దాన్ని విప్పే తాళంచెవి లేనిదే ఉపయోగం ఉండదు. ఆశ పెట్టి అడ్వాన్స్ తీసుకోవడం నా దృష్టిలో మోసమే.

కస్టమర్ల కుటుంబ చిత్రాలు, ఖాతా పుస్తకాలు మన చేతిలో ఉంటాయి కాబట్టి, నకళ్లను ఎన్నాళ్లుంచుతారో, ఎప్పుడు చెరిపేస్తారో రాతపూర్వకంగా ఇవ్వండి. హెడ్లు మార్చే సాధనను పాత, పనికిరాని డిస్కులు కొని వాటి మీదనే చేయండి. తెచ్చినవారి డిస్కు మీద ఎన్నడూ చేయవద్దు. మొదటి ఏడాది సాఫ్ట్‌వేర్ స్థాయి కేసులకే పరిమితమై, మూత తెరవవలసినవాటిని కస్టమర్ అనుమతితో అనుభవమున్న ల్యాబ్‌కు పంపి వాటా తీసుకోండి. క్లీన్ బెంచ్‌కు కావలసిన డబ్బు ఆ ఏడాదిలో ఎంత పోగవుతుందో చూసుకున్నాకే తరువాతి కొనుగోలు గురించి ఆలోచించండి.