సహ్రీకి (తెల్లవారకముందు తినే భోజనానికి) లేవకపోయినా సోమవారం నఫిల్ రోజా (ఐచ్ఛిక ఉపవాసం) ఉండొచ్చా?

మీ రోజా పోలేదు భాయ్. సహ్రీ తినడం సున్నత్ (ప్రవక్త ఆచారం), షరతు కాదు. అడ్డు పడుతున్నది నియ్యత్ (రోజా ఉండాలనే సంకల్పం) టైము గురించిన అనుమానమే.

1. ఫజర్ (తెల్లవారుజాము నమాజు) వేళ మొదలైనప్పటి నుంచి ఏమీ తినలేదు, తాగలేదు కదా? లేవగానే అలవాటుగా నీళ్లు తాగేసి ఉంటే మాత్రం ఆ రోజుకి వదిలేయండి. గురువారం ఉండొచ్చు.

2. చాలామంది తప్పేది ఇక్కడే. జొహర్ (మధ్యాహ్న నమాజు) అజాన్ దాకా టైముందిలే అనుకుంటారు. హనఫీ (ఒక ఇస్లామీ న్యాయ సంప్రదాయం) లెక్కలో ఫజర్ మొదలు నుంచి మగ్రిబ్ (సూర్యాస్తమయం) దాకా ఉన్న సమయంలో సగం గడవకముందే నియ్యత్ చేయాలి. ఫజర్ 5:00, మగ్రిబ్ 6:30 అయితే 11:45 లోపు. మీ ఊరి టైమ్‌టేబుల్ చూసి లెక్కేసుకోండి.

3. నియ్యత్ మనసులో అనుకుంటే చాలు, అరబీలో చదవక్కర్లేదు.

4. ఈ వెసులుబాటు ఖజా రోజాకి (తప్పిపోయిన రోజాకి బదులుగా ఉండేదానికి) లేదు. దానికి రాత్రే నియ్యత్ ఉండాలి.

దుఆ (వేడుకోలు) సంగతి: ఇఫ్తార్‌కి (రోజా విరమణకి) ముందు కాసేపు మీ భాషలోనే వేడుకోండి, తెలుగైనా సరే. 'జహబజ్జమఉ' దుఆ మాత్రం నీళ్లు తాగాక చదవండి. దాని అర్థమే 'దాహం తీరింది' అని.