9 ఎంఎం కార్బైన్‌తో 100 గజాలు: 115 గ్రెయిన్ కొనాలా, 147 కొనాలా?

ముందు జవాబు చెప్పేస్తాను: 147.

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 16 అంగుళాల బ్యారెల్ ఉన్న 9 ఎంఎం కార్బైన్ (పొట్టి రైఫిల్) కొన్నారు. 100 గజాల దగ్గర వేలాడదీసిన స్టీల్ ప్లేట్లు కొట్టాలి. 115, 124, 147 గ్రెయిన్ (ఇది బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్లలో ఏది తీసుకోవాలి? షాపులో మాత్రం 115 అన్నారట, తేలిక కాబట్టి వేగంగా పోతుంది, దారిలో తక్కువ కిందికి దిగుతుంది అని. నాలుగేళ్ల కిందట నాకూ అచ్చం అదే చెప్పారు. నమ్మి వెయ్యి తూటాల పెట్టె మోసుకొచ్చాను. (ఇండియా నుంచి చదివేవాళ్లకి ఒక మాట: అక్కడ 9 ఎంఎం నిషిద్ధ బోరు, మామూలు లైసెన్సుకి రాదు. ఇది టెక్సస్ ముచ్చట.)

షాపువాళ్లు చెప్పింది అబద్ధం కాదు. నా కార్బైన్‌లో 115 సెకనుకి సుమారు 1,300 అడుగుల వేగంతో బయల్దేరుతుంది, 147 సుమారు 1,050తో. పెట్టె మీద అచ్చేసిన వేగం చూసి లెక్క వేయకండి, అది సాధారణంగా పిస్టల్ బ్యారెల్‌ది. బ్యారెల్ పొడుగైతే తేలిక బుల్లెట్ బాగా పుంజుకుంటుంది, బరువుదానికి పెద్దగా కలిసిరాదు. 50 గజాలకి జీరో చేస్తే (అంటే అక్కడ గురి పెట్టిన చోటే తగిలేలా సర్దితే), 100 గజాల దగ్గర నాకు 115 నాలుగున్నర, ఐదు అంగుళాలు దిగుతుంది. 147 ఆరు అంగుళాలు దిగుతుంది. తేడా అంతా కలిపి ఒకటిన్నర అంగుళం! 150 గజాలకి వెళ్తే అది నాలుగైదు అంగుళాలవుతుంది, కాదనను. కానీ ఎంత దిగినా ఇవాళ దిగినంతే రేపూ దిగుతుంది. ఒకసారి కాగితం మీద చూసుకుంటే ఆ మేరకు పైకి పట్టి కొట్టుకోవచ్చు.

గాలి అలా కాదు. మేం వెళ్లే షూటింగ్ రేంజ్ డాలస్‌కి ఉత్తరాన, చెట్టన్నదే లేని బయల్లో ఉంది. మార్చి నెలలో ఒక శనివారం, మట్టికట్ట మీద గుర్తుకి కట్టిన గుడ్డపీలిక నేలకి అడ్డంగా నిలబడి కొట్టుకుంటోంది. ఎనిమిది అంగుళాల ప్లేటుకి ఎత్తు సరిగ్గా పట్టి 115తో పది కొట్టాను. తగిలినవి మూడు. మిగతావి ఎటు పోయాయో ప్లేటుకి కుడిపక్క లేచిన దుమ్మే చెప్పింది. పక్క బెంచీ మీదున్న పెద్దాయన కాసేపు చూసి, ఏం మాట్లాడకుండా ఒక 147 పెట్టె నా వైపు జరిపాడు. కాస్త ఎక్కువ పైకి పట్టి పది కొట్టాను. ఏడు తగిలాయి. అవే చేతులు, అదే గాలి.

ఇంటికొచ్చి ఫోన్‌లో బాలిస్టిక్ యాప్ (బుల్లెట్ దారి లెక్కగట్టేది) తీసి చూశాను. గంటకి 10 మైళ్ల అడ్డగాలికి 100 గజాల్లో 115 దాదాపు ఐదున్నర అంగుళాలు పక్కకి పోతుంది. 147 అయితే రెండున్నర. ఎనిమిది అంగుళాల ప్లేటుకి మధ్య నుంచి అంచు నాలుగే అంగుళాలు కదా, ఇక చెప్పేదేముంది.

నిదానంగా పోయేదాన్ని గాలి ఎక్కువ నెట్టాలి కదా అని అప్పట్లో నాకూ అనిపించింది. అసలు సంగతి వేరు. బుల్లెట్ ఎంతసేపు ఎగిరింది అన్నదానికంటే, దారిలో ఎంత వేగం పోగొట్టుకుంది అన్నదే ముఖ్యం. 115 వంద గజాలు పోయేసరికి 1,300 నుంచి వెయ్యి చిల్లరకి పడిపోతుంది. 147 పోగొట్టుకునేది వంద అడుగుల వేగమే. జొన్నచేలో మంచె ఎక్కి వడిసెల తిప్పినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఎండు మట్టిబెడ్డ జోరుగా బయల్దేరి మధ్యలోనే నీరసపడుతుంది, గులకరాయి అనుకున్న చోటికి పోతుంది.

పైగా శబ్దవేగం గొడవ ఒకటుంది. 20 డిగ్రీల దగ్గర అది సెకనుకి సుమారు 1,125 అడుగులు. 115 దాన్ని దాటి బయల్దేరి, 60, 70 గజాల దగ్గర మళ్లీ కిందికి వస్తుంది. ఆ వేగం చుట్టుపక్కల గాలి నిరోధం బాగా ఎక్కువ. 147 మొదటి నుంచీ ఆ గీత కిందే ఉంటుంది. పాయింట్ టూ టూ రైఫిల్‌తో 50 మీటర్ల పోటీలకి వెళ్లేవాళ్లు వాడే తూటాలు కూడా శబ్దవేగం లోపలే ఉండటానికి ఇదే కారణం. 147తో ఇంకో సరదా ఉంది. గన్ పేలుతుంది, ఒక అర సెకను ఏమీ ఉండదు, ఆ తర్వాత దూరం నుంచి "ఠంగ్" అని వినిపిస్తుంది. ఆ అర సెకను టెన్షన్ నాకు భలే ఇష్టం.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. 147కి మారాక రెడ్ డాట్‌ని (గన్ మీద ఎర్ర చుక్కతో గురి చూపేది) దానికి జీరో చేసుకున్నాను. ఇంట్లో మిగిలిన 115లు ఊరికే పోతాయని రెండూ ఒకే సంచిలో పడేశాను. ఒక ఆదివారం పోటీలో ఒక మ్యాగజైన్‌లో (గన్‌కి తగిలించే తూటాల డబ్బా) ఇది, ఇంకోదాంట్లో అది. మొదటి మ్యాగజైన్ బానే తగిలింది, రెండోదానికి అన్నీ ఎటో పోయాయి. డాట్ వదులైందేమోనని స్క్రూలు బిగిస్తూ కూర్చున్నాను! ఇప్పుడు 115 మ్యాగజైన్లకి కింద ఎర్ర టేపు చుట్టి ఉంచుతున్నాను.

అలాగని 147 పెట్టెలు ఇప్పుడే నాలుగైదు కొనేయకండి. ఒక్క యాభై తూటాల పెట్టె తెచ్చి చూడండి. చాలా 147లకి ముక్కు చదునుగా ఉంటుంది, కొన్ని కార్బైన్లలో అవి చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఎక్కేటప్పుడు అడ్డం తగులుతాయి. బెంచీ మీద ఇసుక సంచి పెట్టి, 100 గజాలకి కాగితం కట్టి, ఐదేసి చొప్పున మూడు గ్రూపులు కొట్టండి. నాది 147తో ఐదూ మూడు అంగుళాల్లో పెడుతుంది, 115తో ఐదారు. మీ గన్‌కి 124 నచ్చితే 124తోనే ఉండండి, అందులో నామోషీ ఏం లేదు. 50 గజాల లోపు ప్రాక్టీసుకి చవకైన 115 చాలు, నేనూ అదే కాలుస్తాను.

కాగితం మీద రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయా అని దగ్గరికెళ్లి చూడండి. తాళంచెవి కన్నంలా పొడుగ్గా ఉంటే బుల్లెట్ పల్టీలు కొడుతోందన్నమాట, మీ బ్యారెల్ మెలిక (బుల్లెట్‌ని తిప్పే లోపలి గాళ్ల చుట్టు) ఆ బరువుకి చాలట్లేదు. మామూలుగా 9 ఎంఎం బ్యారెల్‌కి 10 అంగుళాలకి ఒక చుట్టు మెలిక ఉంటుంది, దానికి 147తో ఇబ్బంది రాదు. మీ బ్యారెల్ మీద ఏం చెక్కి ఉందో చూసి ఇక్కడే రాయండి.