కుండీలో రావిచెట్టు

ప్రశ్న: మా నాన్నగారు పదవీ విరమణ చేసిన నాటి నుంచి డాబా మీద బోన్సాయ్ మొక్కలతోనే గడుపుతున్నారు. చెట్టును ఎదగనివ్వకుండా కత్తిరించడంలో ఆనందం ఏముందండీ? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: బోన్సాయ్ ఎదుగుతూనే ఉంటుందమ్మా, ఎటు ఎదగాలన్నది మాత్రం పెంచేవారు నిదానంగా నేర్పుతారు. గోడ పగులులో మొలిచిన రావిమొక్కను తెచ్చి, లోతు తక్కువ కుండీలో నాటి, కొమ్మను అల్యూమినియం తీగతో వంచినవారు, ఆ తీగ బెరడులోకి దిగకముందే విప్పాలి కనుక దానిని తరచుగా దగ్గర నుంచి చూడక తప్పదు. ఆనందమంతా ఆ చూడడంలోనే ఉందని నా నమ్మకం. పైగా మన మే నెల ఎండకు ఆ కాస్త మట్టి పూటలోనే ఆరిపోతుంది. రెండు పూటలా తన చేతి నీటి మీద ఒక ప్రాణం ఆధారపడి ఉందన్న భావన, ఉద్యోగం ముగిసినవారికి ఎంతో బలం.

హిరోషిమాలో యమాకి కుటుంబం తరతరాలుగా కాపాడిన ఒక తెల్ల పైన్ బోన్సాయ్ పెంపకం 1625లో మొదలైంది. 1945 నాటి అణుబాంబును తట్టుకుని, 1976లో అమెరికాకు కానుకగా వెళ్ళి, వాషింగ్టన్‌లో నేటికీ చిగురిస్తోంది.

ఈసారి నాన్నగారు తీగ విప్పేటప్పుడు పక్కన కూర్చుని, ఆ కొమ్మను ఎప్పుడు వంచారో అడగండి.